ముందు స్విస్, తర్వాతే నాకౌట్

చిరంజీవికి,

32 మంది పేర్లిచ్చారనీ, కార్డ్ టోర్నమెంట్ ఒక్క రోజులో ముగించాలనీ రాశావు. "నాకౌట్ పెట్టేస్తే పోలా పెదనాన్నా" అన్నావు. పెట్టొచ్చు. 5 రౌండ్లు, 31 మ్యాచ్‌లు, విజేత తేలిపోతాడు. కానీ మొదటి రౌండ్ కాగానే 16 మంది సంచులు సర్దుకుంటారు. చెత్త ముక్కలు పడ్డాయని ఒక్క ఓటమికే మనిషిని పంపేయడం నాకు మొదట్నుంచీ గిట్టదు.

అందరూ అందరితో ఆడే రౌండ్ రాబిన్ ఎనిమిది మందికైతే ముచ్చటగా 28 మ్యాచ్‌లు. నీ 32 మందికి 496. ఆ ఊసు వదిలెయ్.

స్విస్ పెట్టు. 1895లో జూరిచ్‌లో చదరంగం పోటీకి వాడారు, అందుకే ఆ పేరు. ఓడినా ఎవరూ బయటికి పోరు. సమాన పాయింట్లున్నవాళ్లను జత చేస్తూ పోవాలి, ఆడిన జోడీ మళ్లీ పడకూడదు. గెలుపుకి 3, డ్రాకి 1. బేసి సంఖ్య వస్తే అడుగున ఉన్నవాళ్లలో ఒకరికి బై, అంటే ఆ రౌండ్‌లో ప్రత్యర్థి ఉండడు; అది గెలుపు కిందే లెక్క. ఒకరికే రెండుసార్లు ఇవ్వకు.

డ్రాలు లేకపోతే 5 రౌండ్లకి ఒకరికి అయిదు గెలుపులు, అయిదుగురికి నాలుగు, పదిమందికి మూడు వస్తాయి. చివర నాకౌట్‌కి టాప్ 8 తీస్తే ఆ పదిమందిలో చోటు ఇద్దరికే. తగువంతా అక్కడే! సాధారణంగా ప్రత్యర్థుల గెలుపు శాతం చూస్తారు. మొదటి రెండూ ఓడి తర్వాత మూడు గెలిచినవాడికి తగిలింది ఎక్కువగా ఓడినవాళ్లే, కాబట్టి శాతం తక్కువ. మొదట మూడు గెలిచి చివర రెండు ఓడినవాడు మామూలుగా పైన ఉంటాడు. ఒకసారి నేనీ నియమం ముందు చెప్పలేదు. తొమ్మిదో స్థానంలో మిగిలిన కుర్రాడు కాగితం పట్టుకుని నా ముందు నిలబడితే, తప్పు నాదే కాబట్టి నోరు పెగల్లేదు. నువ్వు పొద్దున్నే గోడకి అంటించు.

ఇంకోటి. చివరి రౌండ్‌లో నాలుగేసి గెలిచిన ఇద్దరు ఎదురుపడతారు. ఆడకుండా డ్రా రాసుకుంటే చెరో 13తో ఇద్దరూ టాప్ 8లో ఉంటారు. మీ ఆట నియమాలు దానికి ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకో.

ఎనిమిది మందికి మాత్రం నాకౌటే: ఒకటో స్థానానికి ఎనిమిది, రెండుకి ఏడు, అలా. స్విస్ 5, నాకౌట్ 3, మొత్తం 8 రౌండ్లు, 50 నిమిషాల చొప్పున 6 గంటల 40 నిమిషాలు, భోజనం కాక. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు చెప్పి వెళ్లమను, లేకపోతే అవతలివాడు ఖాళీ కుర్చీ ముందు కూర్చుంటాడు.

మీ పెదనాన్న