మారిషస్‌లో రమ్ డిస్టిలరీలు చూడాలంటే చెరకు ఆడే నెలల్లో వెళ్ళండి

మారిషస్ ట్రిప్‌లో ఒక రోజు రమ్, బీరు తయారీ చూడడానికి పెట్టుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా పెట్టుకోండి, కాకపోతే ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి. నేను ఒకసారి మార్చిలో, ఇంకోసారి సెప్టెంబరులో వెళ్ళాను. రెండూ ఒకే దీవిలో చూసినవంటే నమ్మలేం.

అక్కడ చెరకు కోతలు సుమారు జూన్ నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. మార్చిలో నేను వెళ్ళిన చోట రాగి బట్టీలు చల్లగా ఉన్నాయి, మరలు ఆగి ఉన్నాయి. గైడ్ చెప్పింది విని, నాలుగు చుక్కలు రుచి చూసి వచ్చేశాను. చాలా నిరాశగా అనిపించింది.

సెప్టెంబరులో నైరుతి కొండల్లో ఉన్న రుమెరీ ద షమరెల్‌కి వెళ్ళాను. 2008లో తెరిచిన డిస్టిలరీ ఇది, చుట్టూ వాళ్ళ చెరకు తోటలే. ప్రపంచంలో ఎక్కువ రమ్ చక్కెర తీశాక మిగిలిన మడ్డితో చేస్తారు, వీళ్ళు మాత్రం తాజా చెరకు రసంతోనే చేస్తారు. కోసిన చెరకు త్వరగా పులిసిపోతుంది కాబట్టి వెంటనే గానుగకి వెళ్ళాల్సిందే. మిగిలిన పిప్పి బాయిలర్‌లోకి పోతుంది, మన దగ్గర బెల్లం వండే పొయ్యిలోకి పోయినట్టే. ఆ పచ్చి రసం వాసన, పక్కన తొట్టెల్లో పులుస్తున్న రసం వాసన కలిసి వస్తుంటే, గ్లాసులో ఉన్నది ఏమిటో అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. బట్టీలోంచి మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కన పెట్టి, మధ్య భాగాన్నే తీసుకుంటారు. అది ఎందుకో గైడ్‌ని తప్పకుండా అడగండి.

పీపాల గది దగ్గర కూడా కాసేపు ఆగండి. ఓక్ పీపాలో ఉన్న రమ్ కొంచెం కొంచెంగా ఆవిరైపోతూ ఉంటుంది. స్కాట్లాండ్ లాంటి చల్లటి చోట ఇది ఏడాదికి సుమారు 2 శాతం, వేడి దీవుల్లో అంతకంటే చాలా ఎక్కువ.

రుచి చూసేటప్పుడు తెల్ల రమ్‌తో మొదలుపెట్టి, పీపాలో మాగినవి తర్వాత తాగండి. వెనిలా, కాఫీ వేసిన తియ్యటివి ఆఖరికి ఉంచండి. ముందే తాగితే ఆ తీపి మిగతా రుచులన్నిటినీ కప్పేస్తుంది. మధ్యమధ్యలో మంచినీళ్ళు తాగండి. రోజుకి ఒక్క డిస్టిలరీ చాలు.

ఇంట్లో తాగనివాళ్ళుంటే దక్షిణాన ఉన్న సెయింట్ ఆబిన్ అనే డిస్టిలరీకి వెళ్ళండి. 1819 నాటి బంగళా, వెనిలా తోట కూడా ఉన్నాయి కాబట్టి వాళ్ళకీ విసుగు రాదు. దగ్గర్లోనే బ్వా షెరీ టీ తోటలు.

బీరు కోసం విడిగా రోజు పెట్టక్కర్లేదు. 1963 నుంచి వస్తున్న ఫీనిక్స్ లాగర్ దాదాపు అంతటా దొరుకుతుంది, రాత్రి భోజనంతో చాలు.

కారు మాత్రం మీరు నడపొద్దు. షమరెల్ దారంతా మలుపులే, టాక్సీ మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి "ఈరోజు చెరకు ఆడుతున్నారా?" అని అడగండి. లేదంటే ఇంకో రోజుకి మార్చుకోండి.