బట్టలు చరిత్రను మార్చాయా? మా మగ్గం దగ్గర నాకు తెలిసింది

"రాజులు, యుద్ధాలు సరే, బట్టలు కూడా చరిత్రను మార్చాయంటే అతిశయోక్తి కాదా?" అని అడిగారు. కాదండీ.

మాది ఒడిశాలోని బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇల్లు. చిన్నప్పుడు మగ్గం మీద కుంభం అంచు (గుడి గోపురాల్లాంటి కోణాల అంచు) చీర ఉంటే అవతలి అంచు దగ్గర కూర్చోవడం నా పని. తాతయ్య నాడె (అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టు) విసిరితే అందుకుని తిరిగి విసరాలి. వెనక అరుగు మీద మామ్మ రాట్నం తిప్పుతూ నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టేది. ఆవిడకి జ్వరమొస్తే మధ్యాహ్నానికల్లా కండెలు అయిపోయి మగ్గం ఆగిపోయేది. ఎంత చెయ్యి తిరిగిన తాతయ్య అయినా ఊరికే కూర్చోవాల్సిందే.

పెద్దయ్యాక ఇంగ్లండు పారిశ్రామిక విప్లవం గురించి చదువుతుంటే ఆ మధ్యాహ్నాలే గుర్తొచ్చాయి. వెడల్పు గుడ్డకి అక్కడా ఇద్దరు కావాల్సి వచ్చేది. 1733లో జాన్ కే తాడు లాగితే పరుగెత్తే నాడె తయారుచేశాడు. అవతల కూర్చునే మనిషి అవసరం పోయింది. నేత జోరందుకుంది, నూలు చాలలేదు. నలుగురైదుగురు వడికితే గానీ ఒక మగ్గానికి సరిపోదు. ఆ కరువు తీర్చడానికే 1760ల్లో హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ నీటితో నడిచే వడుకు యంత్రం వచ్చాయి. (అంతకుముందే, 1721లో, మన దేశం నుంచి వెళ్ళేలాంటి అద్దకపు నూలు బట్టలు చాలా రకాలు వాడకూడదని అక్కడ చట్టం చేశారు. దాంతో సొంత బజారు వాళ్ళకే మిగిలింది.) యంత్రాలకి పత్తి కావాలి. 1793లో అమెరికాలో గింజ తీసే జిన్ను వచ్చాక పత్తి తోటలు విపరీతంగా పెరిగాయి. వాటిలో చాకిరీకి లక్షలమంది నల్లజాతివాళ్ళని బానిసలుగా తోలారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

అలా ఇంగ్లండు మిల్లుల్లో వడికిన నూలు మన ఊళ్ళకీ వచ్చింది. దెబ్బ ముందు నేతగాళ్ళకి తగిలిందనుకుంటారు చాలామంది. నన్నడిగితే వడికే ఆడవాళ్ళకి. నూలు కొనుక్కుని కొన్ని మగ్గాలు బతికాయి గానీ, పత్తి వడికే రాట్నం మూలన పడింది.

మామ్మ పుట్టిల్లు సరిహద్దు దాటాక శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, సన్న నూలు చేత్తోనే వడుకుతారు. వీలైతే ఓ పూట వెళ్ళి పక్కన కూర్చోండి. మూరెడు దారం ఎంత నిదానంగా వస్తుందో చూస్తే, 1760ల్లో అంత తొందర ఎందుకు పడ్డారో తెలిసిపోతుంది.