‘దేశాల మధ్య పని చేస్తానంటోంది మా అమ్మాయి’

ప్రశ్న: మేడమ్, మాది విశాఖపట్నం, మర్రిపాలెం. మా అమ్మాయి ఇక్కడే బీఏ హిస్టరీ సెకండియర్ చదువుతోంది. ఏడో ఏట నుంచీ కూచిపూడి నేర్చుకుంటోంది. 2024 ఫిబ్రవరిలో, తను ఇంటర్లో ఉండగా, మిలన్ నౌకా విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్‌లో సిటీ పరేడ్ చూపించాం. వేరే దేశాల నేవీ వాళ్లు బ్యాండుతో కవాతు చేస్తుంటే కళ్లార్పకుండా చూసింది. అప్పటి నుంచి ‘మన కళలు, మన చరిత్ర బయటి దేశాలకు చెప్పే పని చేస్తాను’ అంటోంది. వాళ్ల నాన్నగారేమో బీఈడీ చెయ్యి, లేకపోతే బ్యాంకు పరీక్షలు రాయి అంటారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఈ మధ్య ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి, ‘యూరప్‌లో కల్చరల్ ఎక్స్ఛేంజ్ టూర్, పది రోజులు, లక్షా ఎనభై వేలు’ అన్నారు. కట్టమంటారా? అసలు ఇలాంటి ఉద్యోగం అంటూ ఒకటి ఉంటుందా?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నలో మొదటి సగానికి జవాబు చెప్పేస్తాను. కట్టకండి.

ఇది ఎవరో చెప్తే విని అంటున్న మాట కాదు. కొన్నేళ్ల కిందట మా అక్క కూతురి విషయంలో నేనే మోసపోయాను. అప్పటికే పిల్లలకు సలహాలు చెప్పడం నా వృత్తి, అయినా బోల్తా పడ్డాను. ‘అంతర్జాతీయ నృత్యోత్సవం’ అన్నారు. తీరా వెళితే వేదిక ఊరి చివర ఒక కమ్యూనిటీ హాలు. చూడటానికి వచ్చినవాళ్లు ముప్పై మంది, అందులో సగం మన బృందంలోని పిల్లల అమ్మానాన్నలే. మొమెంటో మీద అమ్మాయి పేరు తప్పు, సర్టిఫికెట్ మీద ఇంకో తప్పు. ఆ సర్టిఫికెట్ తర్వాత ఏ దరఖాస్తులోనూ పనికి రాలేదు. పైగా గతంలో కళాబృందాల పేరుతో మనుషుల్ని దేశాలు దాటించిన కేసులు బయటపడ్డాయి కాబట్టి, ఇలాంటి టూర్లంటే వీసా ఇచ్చేవాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతారు.

ప్రభుత్వం పంపే పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. భారత సాంస్కృతిక సంబంధాల మండలి, అందరూ ఐసీసీఆర్ అంటారు, 1950లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ చేతుల మీదుగా మొదలైంది. విదేశాంగ శాఖ కింద పని చేస్తుంది. కళాకారులు దరఖాస్తు పెట్టుకుంటే, వాళ్ల ప్రదర్శనల వీడియోలు, అనుభవం చూసి ప్యానెల్‌లోకి తీసుకుంటుంది. అక్కడి నుంచే విదేశాలకు పంపే బృందాలను ఎంచుకుంటుంది. విమానం ఖర్చు వాళ్లదే. ప్రభుత్వం తరఫున వెళ్లే కళాకారిణి తన జేబులోంచి లక్షలు తీయదు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు, రేపు ఇంకో ఏజెన్సీ ఫోన్ చేసినా మీకు టెన్షన్ ఉండదు. ఐసీసీఆర్ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ఇక రెండో సగం, ఇలాంటి ఉద్యోగం ఉంటుందా అన్నది. ‘సాంస్కృతిక సంబంధాలు’ అనే పేరుతో ఒక ఉద్యోగం, దానికో నోటిఫికేషన్, దానికో కోచింగ్ సెంటరు... అలా ఏమీ లేదు. మీవారి భయం నాకు అర్థమైంది, ఆయన అడుగుతున్నది కూడా అదే. పని మాత్రం బోలెడంత ఉంది. రకరకాల కుర్చీల్లో కూర్చున్నవాళ్లు దాన్ని పంచుకుని చేస్తున్నారు, అంతే.

మీ అమ్మాయి బీచ్‌లో చూసింది అందులో ఒక ముక్క. యుద్ధనౌకలు వచ్చాయంటే లోపల విన్యాసాల లెక్కలు వాళ్లకు ఉంటాయి. కానీ అదే నావికులను మన బీచ్ రోడ్డు మీద బ్యాండు వాయిస్తూ నడిపించడం, ఊరి జనం చప్పట్లు కొట్టడం కూడా కావాలనే పెట్టుకున్న కార్యక్రమమే. 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష అప్పుడూ ఇదే చేశారు. 2023 మార్చిలో జీ20 మౌలిక వసతుల బృందం సమావేశం మన ఊళ్లో జరిగింది. 2025 జూన్ 21న యోగా దినోత్సవం ప్రధాన కార్యక్రమం ఆర్కే బీచ్ నుంచే మొదలైంది. ఆ యోగా దినం సంగతే తీసుకోండి. 2014లో ఐక్యరాజ్యసమితిలో మన దేశం ప్రతిపాదిస్తే 177 దేశాలు సహ ప్రతిపాదకులుగా సంతకం పెట్టాయి. చాపలు పరిచింది మనమే అయినా, ఆ సంతకాల వెనక ఎంతమంది అధికారులు ఎన్ని గదుల్లో కూర్చుని మాట్లాడి ఉంటారో ఊహించుకోండి. మీ అమ్మాయికి కావలసింది ఆ గదుల్లో ఒక కుర్చీ.

ఇది ఇవాళ పుట్టిన ముచ్చట కాదు. 1982లో బ్రిటన్‌లో, 1985లో అమెరికా, ఫ్రాన్స్‌లలో, 1987లో సోవియట్ యూనియన్‌లో మన ప్రభుత్వం భారత ఉత్సవాలు జరిపింది. సోవియట్ అంటే గుర్తొచ్చింది, మా ఇంట్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉండేవి. గట్టి అట్ట, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, ధర మాత్రం మరమరాల పొట్లమంత. అనువాదాలు చేయడానికి తెలుగువాళ్లను అక్కడికి పిలిపించుకుని జీతాలిచ్చారు. అంటే పరాయి ప్రభుత్వం తన మాట మనకు చెప్పుకోవడానికి తెలుగు వచ్చిన మనిషి కోసం వెతుక్కుంది. ఇప్పుడు కూడా ఇటువంటి పనుల్లో మనిషిని పిలిచేది ఒక భాష కోసమో, ఒక విద్య కోసమో. ‘నాకు కల్చర్ అంటే ఇంట్రెస్ట్’ అన్నందుకు ఎవరూ పిలవరు.

మీ అమ్మాయి చేతిలో ఇప్పటికే రెండు ఉన్నాయి. నాట్యం, చరిత్ర. ఆ రెండింటిలో నాట్యం గురించి కొంచెం కఠినంగానే మాట్లాడతాను.

నా దగ్గరికి వచ్చే నాట్యం పిల్లలందరినీ ఒకటే అడుగుతాను. ‘నేను జపాన్ నుంచి వచ్చాను. నాకు కృష్ణుడెవరో తెలియదు. నువ్వు ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఎందుకు ఆడుతున్నావో రెండు నిమిషాల్లో చెప్పు.’ పోయిన నెల ఒక అమ్మాయి, పన్నెండేళ్లు నేర్చుకుంది, ‘అది మా ట్రెడిషన్ మేడమ్’ అని ఆగిపోయింది. మళ్లీ అడిగితే నవ్వేసింది. పాపం, ఆడమంటే అద్భుతంగా ఆడుతుంది. కూచిపూడిలో పళ్లెం మీద ఆడే ఆ తరంగం నారాయణ తీర్థుల పాట అనీ, కింద పళ్లెం కదులుతున్నా పైన తాళం చెదరకపోవడంలోనే పనితనం ఉందనీ ఎవరూ ఆ పిల్ల చేత చెప్పించలేదు. విదేశీ వేదిక మీద ఆట సగం, మాట సగం. ఆడేవాళ్లు మన రాష్ట్రంలో వేలల్లో ఉన్నారు. ఆడి, ఆ తర్వాత మైకు పట్టుకుని వివరంగా చెప్పగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతే.

ఐసీసీఆర్‌కు చాలా దేశాల్లో సాంస్కృతిక కేంద్రాలు ఉన్నాయి. అక్కడ నాట్యం, సంగీతం, యోగా, హిందీ నేర్పడానికి ఇక్కడి నుంచి టీచర్లను కాంట్రాక్టు మీద పంపుతారు. మీ అమ్మాయి ఆ వైపు చూడాలంటే ఇన్నేళ్ల సాధన ఉంటే సరిపోదు, కాగితం కూడా కావాలి. డిప్లొమానో, డిగ్రీనో ఏదో ఒకటి ఇప్పటి నుంచే పూర్తి చేయించండి. మారిషస్‌లో ఉగాదికి సెలవిస్తారని మీకు తెలుసా? కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన మన కూలీల మనవలు అక్కడ ఇంకా తెలుగువాళ్లమని చెప్పుకుంటారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. అలాంటి చోట తెలుగు తెలిసిన కూచిపూడి టీచరుకు ఉండే విలువ వేరు.

ఇక చరిత్ర. నిజం చెప్పాలంటే, ఆ అమ్మాయికి అసలు బలం ఇదే అని నా అనుమానం. మీరేమో దాన్ని ఉత్త బీఏ అని తీసిపారేస్తున్నట్టున్నారు. 2025 మే నెలలో మన దేశం బుద్ధుడి ధాతువులను, అంటే ఆయన అస్థికల అవశేషాలను, వియత్నాం పంపింది. లక్షల మంది బారులు తీరి దర్శించుకున్నారు. అవి సారనాథ్ నుంచి వెళ్లాయి కానీ, వాటి అసలు ఊరు మన నాగార్జునకొండ. తవ్వకాల్లో అక్కడ దొరికినవి. ఒక దేశంతో స్నేహం పెంచుకోవడానికి ప్రభుత్వం వాడుకున్న వస్తువు ఆంధ్ర మట్టిలోంచి వచ్చింది. మనకూ పాత బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి, భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ ఉంది. మనం అక్కడికి సాయంత్రం గాలికి వెళ్లి, ఫొటోలు దిగి, పల్లీలు తిని వస్తాం. శ్రీలంక, థాయిలాండ్, జపాన్ వాళ్లకు అవి పుణ్యక్షేత్రాల్లాంటివి. ఆ రాళ్ల గురించి వాళ్ల భాషలో చెప్పగల విశాఖ అమ్మాయి ఒకరుందంటే ఎవరు వద్దంటారు?

అందుకే మూడోది, భాష. ఇప్పుడే మొదలుపెట్టాలి. మీ అమ్మాయి విషయంలో నేనైతే జపనీస్ అంటాను. ఫ్రెంచ్ తక్కువని కాదు. ఫ్రెంచ్ నేర్చినవాళ్లతో పోటీ ఎక్కువ, పైగా బౌద్ధం వైపు నుంచి చూస్తే జపనీస్ మీ అమ్మాయి చదువుకు అతుకుతుంది. జేఎల్‌పీటీ అనే పరీక్ష ఉంటుంది, ఎన్5 కింది మెట్టు, ఎన్1 పై మెట్టు. జులైలో, డిసెంబరులో చెన్నైలో రాయొచ్చు. ఎన్5 సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించడానికి బాగుంటుంది, ఉద్యోగానికి మాత్రం కనీసం ఎన్2 దాకా వెళ్లాలి. నెలకో యాప్ మార్చే పిల్లలకు ఇది అయ్యే పని కాదు. రోజుకు గంట చొప్పున మూడు నాలుగేళ్లు పడుతుంది. ‘మూడు భాషలు వచ్చు’ అని చెప్పుకుంటూ మూడింట్లోనూ నమస్కారం దగ్గర ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. ఒకటి చాలు, లోతుగా.

డిగ్రీ అయ్యాక జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించొచ్చు. ఫీజు, నెల ఖర్చు, విమానం టికెట్టు వాళ్లే పెట్టుకుంటారు. మన రాష్ట్రం చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. అమెరికా వైపు ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్పులో కళల నిర్వహణ, వారసత్వ పరిరక్షణ, మ్యూజియం చదువులు ఒక విభాగంగా ఉంటాయి. దానికి మూడేళ్ల ఉద్యోగ అనుభవం, నాలుగేళ్ల డిగ్రీకి సమానమైన చదువు అడుగుతారు కాబట్టి అది ఇప్పటి మాట కాదు. మీ అమ్మాయి కాలేజీలో నాలుగో ఏడు ఆనర్స్ ఉంటే మాత్రం దాని గురించి ఆలోచించండి. పురావస్తు వైపు మనసు పోతే గ్రేటర్ నోయిడాలో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ ఉంది, పీజీ తర్వాత రెండేళ్ల డిప్లొమా.

ఇప్పుడు మీవారి వైపు మాట్లాడతాను, ఆయన తప్పేమీ అనలేదు. ఇంట్లో నెలనెలా జీతం వచ్చే దారి ఒకటి చూపించాలి కదా. సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్‌కు, అంటే విదేశాంగ సర్వీసుకు, వెళ్లడం అందరికీ తెలిసిన దారి. ఏటా తీసుకునేది కొన్ని పదుల మందినే. రాయొద్దనను, దాని మీదే ఆశ పెట్టుకుని ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా కూర్చోవద్దంటాను. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో విదేశాంగ శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టు ఉంటుంది. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 20 నుంచి 30, మూల వేతనం 44,900 రూపాయలు. ఢిల్లీలో మొదలుపెట్టి, తర్వాత విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో పోస్టింగులు వస్తాయి. దీనికి గిరాకీ ఎక్కువ, మంచి ర్యాంకు ఉంటేనే దక్కుతుంది. మీవారు చెప్పే బ్యాంకు పరీక్షల సిలబస్సూ ఇదీ చాలావరకు ఒకటే. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్. అంటే ఆయన మాట విని చదివినా అమ్మాయి కోరిక చెడదు. ఈ ముక్క ఆయనకు నేను చెప్పానని చెప్పండి, కాస్త మెత్తబడతారు.

విదేశాంగ శాఖలో ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. డిగ్రీ అయ్యాక దరఖాస్తు పెట్టించండి. కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయితే ఫైనలియర్‌లోనే పెట్టొచ్చు.

ఈ లోపల ఖర్చు లేని పని ఒకటుంది. ఆంధ్రా యూనివర్సిటీకి ఐసీసీఆర్ స్కాలర్‌షిప్పుల మీద విదేశీ విద్యార్థులు వస్తారు, ఆఫ్రికా వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మన ప్రభుత్వం ఫీజు కట్టి పిలిపించుకున్న అతిథులు వాళ్లు. చినవాల్తేరు వైపు టీ కొట్ల దగ్గర పొడి పొడి తెలుగులో ‘అన్నా, చక్కెర తక్కువ’ అంటూ కనిపిస్తారు. మనవాళ్లు వాళ్లతో సెల్ఫీ దిగుతారు తప్ప మాట కలపరు, ఇల్లు అద్దెకిమ్మంటే మొహం చాటేస్తారు. సాంస్కృతిక సంబంధాలని పెద్ద మాటలు ఎన్ని చెప్పుకున్నా, ఆ కుర్రాళ్లు ఇంటికి వెళ్లి విశాఖ గురించి చెప్పే మాట మనం అద్దె గది ఇచ్చామా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది. మీ అమ్మాయిని కాలేజీ ద్వారా గానీ, గురువుగారి ద్వారా గానీ వాళ్ల కోసం ఒక చిన్న కార్యక్రమం పెట్టమనండి. యాభై కుర్చీలు, ఒక మైకు, అరగంట. ఆడాలి, ఆపి వివరించాలి, ప్రశ్నలు అడిగించుకోవాలి. ఎవరో ‘ఆ పళ్లెం జారదా?’ అని అడుగుతారు. దానికి జవాబు చెప్పడంలోనే ఈ పని తనకు సరిపడుతుందో లేదో తనకే తెలిసిపోతుంది. దాన్ని వీడియో తీయించి దాచండి, రేపు దరఖాస్తులకు పనికొస్తుంది. లక్షా ఎనభై వేల టూరు కంటే ఇది మేలు.

ముందుగా మాత్రం తరంగం గురించి ఆ రెండు నిమిషాలు ఇంగ్లిషులో ఫోన్లో రికార్డు చేసి వాళ్ల నాన్నగారికి వినిపించమనండి. ఆయనకు అర్థం కాకపోతే, మళ్లీ చెయ్యమనండి.