సొంత బండికైతేనే ఆ మాట

ప్రశ్న: మా అల్లుడు వియత్నాంలో, హో చి మిన్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. పక్కింటావిడ తన బండి మీద ఎక్కించుకుంటూ "సే కాతాఙ్" అందట. 'పాత బండి' అని అర్థమంటున్నాడు. వచ్చే నెల మేమూ వెళ్తున్నాం. పాత చీరకీ, పాత స్నేహితులకీ ఇదే మాట వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఉత్త 'పాత'కి వాళ్ళు 'కూ' అంటారు. చీరకీ అదే, పాత స్నేహితుడికీ అదే. వయసు మళ్ళిన మనిషినైతే సైగాన్ (హో చి మిన్ సిటీ పాత పేరు) వైపు 'యా' అంటారు. 'కాతాఙ్' వేరు. అచ్చంగా మన 'డొక్కు'. మనం డొక్కు బండి అంటే, వాళ్ళు 'సే' అని బండిని ముందు చెప్పి, డొక్కుతనం తర్వాత చెబుతారు.

నేను నాలుగేళ్ళు అక్కడున్నాను. 1976లో ఊరి పేరు మారినా, నా చుట్టూ ఉన్నవాళ్ళ నోట సైగానే వినేదాన్ని. మా సందు మొగలో చెట్టుకింద ఒక పెద్దాయన పంక్చర్లు వేసేవాడు. ఆయనకో హోండా కబ్ మోటారు బండి ఉండేది. కాళ్ళ ముందుండే తెల్ల ప్లాస్టిక్ రేకు నిలువునా చీలితే, రెండువైపులా బెజ్జాలు పెట్టి ఇనప తీగతో కుట్టాడు, గోనెసంచి మూతి కుట్టినట్టు. సీటంతా టేపు చుట్లే. ఓసారి జోరువానలో నన్ను ఇంటిదాకా దింపి, ఆ తడి సీటును అరచేత్తో తట్టి "సే కాతాఙ్" అన్నాడు. గేదెను తట్టి మాట్లాడే మా నాన్న గుర్తొచ్చాడు నాకు.

ఆ ధైర్యంతో ఆఫీసులో ఒకతని బండిని నేనూ అలాగే అన్నాను. అతని మొహం చిన్నబోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. ఎవరి బండిని వాళ్ళంటే అణకువ, ప్రేమ. పక్కవాళ్ళంటే చులకన.

'కా' అంటే వాళ్ళకి వంకాయ కూడా. ఇక్కడ దానితో పనిలేదు. దక్షిణ వియత్నాం మాటలు కొన్నింటి ముందు అలాంటి 'కా' ఒకటి చేరుతుంది: నత్తికి 'కా లమ్', కుంటుతూ నడవడానికి 'కా న్యక్'.

పలకడం మనకి తేలికే. 'త' మన తాతలోని 'త'. చివర మన వర్ణమాలలో ఊరికే కూర్చున్న 'ఙ' ఉందే, అది. 'గ' వినపడకూడదు. రెండక్షరాలకీ గొంతు కిందికి దించాలి.

ఆవిడ మళ్ళీ "సే కాతాఙ్" అంటే, అల్లుణ్ణి అవునని తలూపొద్దనండి. "కామ్ అన్", అంటే థాంక్స్ అని చెప్పి ఎక్కమనండి.