చిలకకి యాభై, వేలిముద్రలకి ఐదు వేలు: నా అనుభవం

మీరడిగింది: "మా బాబు స్కూల్లో వేలిముద్రలు చూసి తెలివితేటలు చెప్పే టెస్ట్ పెడుతున్నారు. చేయించమంటారా? ఐక్యూ టెస్ట్ కూడా చిలక జోస్యం లాంటిదేనా, లేక దానికేమైనా విలువ ఉందా?"

నేను చిలక జోస్యం చెప్పించుకున్నాను, వేలిముద్రల టెస్ట్‌కి డబ్బు కట్టాను, అసలైన ఐక్యూ టెస్ట్ జరుగుతుంటే గది బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను. మూడింట్లో చిలకే చౌక. పైగా చూడ్డానికి ముద్దుగా ఉంటుంది.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు తెనాలిలో మా వీధికి ఏటా ఎరుక చెప్పే ఆవిడ వచ్చేది. చంకలో బుట్ట, చేతిలో కర్ర. అమ్మ చెయ్యి పట్టుకుని, "నీది వెన్నలాంటి మనసు తల్లీ. ఎవరికి ఎంత చేసినా నీకు మాట దక్కదు. పైకి నవ్వుతావు, లోపల కుములుతావు" అనేది. అమ్మకి కళ్లు చెమర్చేవి. చేటెడు బియ్యం, ఒక పాత చీర. పది నిమిషాల తర్వాత గోడ అవతల పక్కింటి పిన్నిగారికీ అవే మాటలు వినిపించేవి. ఒక ఏడాది తమాషా ఏంటంటే, అప్పటికి అమ్మకీ పిన్నిగారికీ మాటల్లేవు. 'ఆవిడకి నేనెంత చేశాను' అని ఇద్దరి బాధా ఒకటే. ఎరుక చెప్పినావిడ ఇద్దరి వైపూ తీర్పు చెప్పి, రెండు చేటల బియ్యం బుట్టలో పోసుకుని వెళ్లిపోయింది.

ఇదే పనిని 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు క్లాసులో చేసి చూపించాడు. విద్యార్థులకి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత 'ఇది నీ ఒక్కడి రిపోర్టు' అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో ఐదుకి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఒకటే రాత. అందులో వాక్యాలు కూడా బజార్లో అమ్మే జోస్యం పుస్తకంలోంచి ఏరినవి.

ఇది చదివాక నాకు చెయ్యి దురద పుట్టింది. ఆఫీసులో క్యారేజీలు విప్పే వేళ, "మా మావయ్య దగ్గర హస్తసాముద్రికం నేర్చుకున్నాను" అని ఒక అబద్ధం వదిలాను. ఆరుగురి చేతులు చూసి, ఆరుగురికీ విడివిడిగా చీటీలు రాసిచ్చాను. అన్నిట్లోనూ మా ఎరుక చెప్పే ఆవిడ వాక్యాలే, కాస్త ఆఫీసు భాషలోకి మార్చి: "మీ కష్టానికి తగ్గ గుర్తింపు ఇంకా రాలేదు. నమ్మినవాళ్లే ఒకసారి దెబ్బ తీశారు." అకౌంట్స్‌లో చేసే ఆవిడ చీటీని మడిచి పర్సులో దాచుకున్నారు. సాయంత్రం అసలు విషయం చెప్పేశాను. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం, "మిగతావాళ్ల సంగతి నాకు తెలీదండీ, నాకు మాత్రం కరెక్టే కదా" అన్నారు. ఆ చీటీ ఇప్పటికీ తిరిగివ్వలేదు.

ఇన్ని తెలిసిన నేనే వేలిముద్రల టెస్ట్‌కి ఐదు వేలు కట్టాను. ఎందుకంటే క్లాసులో అందరూ కడుతున్నారు. రేపు పాప పెద్దయ్యాక "నాకెందుకు చేయించలేదు" అంటుందేమోనని టెన్షన్.

అది ఆషాఢం. పాప వేళ్లకి గోరింటాకు ఎర్రగా పండి ఉంది. స్కానర్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడు నాలుగు వేళ్లు మళ్లీ మళ్లీ నొక్కించాడు, మెషీన్ తీసుకోలేదు. "పర్లేదు మేడమ్, అడ్జస్ట్ చేస్తాం" అన్నాడు. వారం తర్వాత నలభై పేజీల రంగుల ఫైలు వచ్చింది. పది వేళ్లకీ లెక్కలున్నాయి! తర్కం 14.62 శాతం, సంగీతం 9.18 శాతం, అన్నీ రెండు దశాంశాలతో. మా పాప నిద్రలో కూడా పాడుతుంది, అది వేరే విషయం. మిగతా తల్లుల ఫైళ్లు చూస్తే అందరి పిల్లల్లోనూ నాయకత్వ లక్షణాలున్నాయి. అందరూ నాయకులైతే క్లాసులో వెనక నడిచేది ఎవరో అర్థం కాలేదు. ఒక్క పిల్లకైనా 'మామూలే' అని రాస్తే కొంచెమన్నా నమ్మేదాన్ని.

వేలిముద్రలు తల్లి కడుపులో నాలుగైదు నెలలకే ఏర్పడిపోతాయి. ఇది నిజం. డౌన్ సిండ్రోమ్ లాంటి కొన్ని జన్యు స్థితుల్లో చేతి గీతలు వేరుగా ఉండొచ్చు, డాక్టర్లు గమనిస్తారు. ఇదీ నిజమే. అమ్మేవాళ్లు ఈ రెండు నిజాలూ చెప్పి, మూడోమాటగా "అందుకే మీ పాపకి కామర్స్ బెటర్" అంటారు. మొదటి రెండింటికీ తలూపిన ఊపులో మూడోదానికీ మన తల ఊగిపోతుంది.

దీనికి అక్కలాంటిది ఇంకొకటుంది, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, అంటే మెదడు మధ్య భాగాన్ని మేల్కొలుపుతామనే కోర్సు. కళ్లకి గంతలు కట్టినా పిల్లలు చదివేస్తారట. ఒక ఫంక్షన్ హాల్లో డెమో చూశాను. గంతలు కట్టుకున్న పాప నోటు మీద నంబరు గడగడా చదివింది, చప్పట్లే చప్పట్లు. కాస్త దగ్గరికి వెళ్లి చూస్తే, ప్రతిసారీ గడ్డం ఒక రవ్వ పైకెత్తుతోంది. ముక్కు పక్కన సందు ఉంటుంది కదా, అందులోంచి. "నోటు నుదుటికి ఎదురుగా పెట్టి చదివించండి" అని వెనక నుంచి ఎవరో అడిగితే పాప అలసిపోయిందన్నారు. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ ఈ గుట్టు చాలాసార్లు బయటపెట్టారు. ఆ పాప మీద నాకు కోపం రాలేదు. పెద్దవాళ్ల ముందు అబద్ధం ఆడటం నేర్పింది మాత్రం పాతిక వేలు తీసుకున్నవాళ్లే.

అతీంద్రియ శక్తులు నిరూపిస్తే లక్ష రూపాయలిస్తానని శ్రీలంకలో హేతువాది అబ్రహాం కోవూరు 1963లోనే సవాలు విసిరారు. మరుసటి ఏడాది అమెరికాలో ఇంద్రజాలికుడు జేమ్స్ ర్యాండీ అలాంటి సవాలే వెయ్యి డాలర్లతో మొదలుపెట్టాడు. అది పెరిగి పది లక్షల డాలర్లయింది. 2015లో ఆపేసేదాకా వెయ్యిమందికి పైగా దరఖాస్తు చేసుకుంటే ఒక్కరూ గెలవలేదు. ఓడిపోతామని ముందే తెలియకపోవడం జోస్యులకి పెద్ద నామర్దా.

ఇక ఐక్యూ. మా అన్నయ్య కొడుకు మూడో తరగతిలో ఉండగా నోటితో అన్నీ చెప్పేవాడు, కాగితం మీద పెట్టమంటే ఒత్తులు ఎగిరిపోయేవి, గుణింతాలు తారుమారయ్యేవి. స్కూల్లో 'మొద్దు' అన్నారు. మా అమ్మ దిష్టి అంది, తాయెత్తు కట్టించింది. చివరికి ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ తెలుగులోనే చేశారు. చెక్క ముక్కలతో బొమ్మలు పేర్పించడం, రెండు వస్తువులకి పోలిక అడగడం, అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పించడం.

ఐక్యూ 108 అన్నారు. సగటు 100. వెంటనే, "ఖచ్చితంగా 108 అని పట్టుకోకండి, ఒక ఐదు అటూ ఇటూ. ఇంకో రోజు నిద్ర లేకుండా వస్తే తగ్గుతుంది కూడా" అన్నారు. వదిన మొహం చిన్నబోయింది. "రెండుసార్లు లీవు పెట్టి వచ్చాం, సరైన నంబరు కూడా చెప్పలేరా" అని ఆటోలో గొణిగింది. నాకు మాత్రం గోరింటాకు వేళ్లకి రెండు దశాంశాలిచ్చిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. విన్నది మనసులో నిలుపుకోవడంలో పిల్లాడు వెనకబడ్డాడని ఆవిడ మొహం మీదే చెప్పారు. చదవడంలో వయసుకి రెండేళ్లు వెనక ఉన్నాడని, తెలివికి లోటు లేదని, ఇది డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో వచ్చే చిక్కు అని కూడా చెప్పారు. డబ్బు కట్టినవాళ్లకి నచ్చని మాట ఒకటైనా ఉన్న రిపోర్టు నేను అదే మొదటిసారి చూడటం.

నిజానికి ఐక్యూ టెస్ట్ పుట్టిందే ఇలాంటి పిల్లల కోసం. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమాన్ కలిసి, బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో పట్టుకోవడానికి దీన్ని తయారుచేశారు. పొడవు కొలిచినట్టు తెలివిని కొలవలేమని బినేనే అన్నాడు. కానీ అది అమెరికా వెళ్లాక హెన్రీ గొడార్డ్ అనే సైకాలజిస్టు చేతిలో పడింది. ఓడ దిగిన వలసవాళ్లని దుబాసీల ద్వారా ప్రశ్నలడిగి, చాలామందిని మందబుద్ధులని రాసేశాడు. ఇంగ్లీషు రాని పిల్లాడికి ఇంగ్లీషులో టెస్ట్ పెడితే మనమూ గొడార్డులమే.

ఇక ఫోన్లో వచ్చే ఐక్యూ టెస్టులంటారా, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏడుగురికి 140 దాటింది. లెక్క ప్రకారం వెయ్యిమందిలో నలుగురికి దాటాలి. మాకున్నవి నలభై ఫ్లాట్లు. ఆ ఏడుగురూ కలిసి లిఫ్ట్ మెయింటెనెన్స్ లెక్క ఇంతవరకు తేల్చలేకపోయారు.

కాబట్టి మీ బాబుకి వేలిముద్రలు వద్దు. బాగానే చదువుతుంటే ఐక్యూ కూడా అక్కర్లేదు. చదువులో ఎక్కడో చిక్కుపడుతున్నాడనిపిస్తే మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, బాబుకి బాగా వచ్చిన భాషలో చెయ్యమనండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా లాంటివి కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. మావాడికి అదే పనికొచ్చింది.

మా పాప ఫైలుని అత్తయ్యగారు బీరువాలో జాతకచక్రం పక్కన భద్రంగా పెట్టారు. మేనల్లుడు ఇప్పుడు ఏడో తరగతి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నాకే ఆ వెనక్కి చెప్పే అంకెల ఆట పెట్టాడు. నాలుగు అంకెల దగ్గర తడబడ్డాను. "నేనూ అక్కడే ఆగిపోయానత్తా" అని తెగ సంబరపడ్డాడు. తర్వాత నా చెయ్యి తీసుకుని, బొటనవేలు తిప్పి తిప్పి చూసి, "నీలో నాయకత్వ లక్షణాలు ఉన్నాయి. ఐదు వేలు ఇవ్వు" అన్నాడు.