రాని చట్టాన్ని చూసుకుని అప్పు చేయవద్దు

ప్రశ్న: హైదరాబాద్ నల్లకుంటలో నాలుగేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. అద్దె 18,000, అడ్వాన్సు 54,000. ఒప్పందం గడువు రెండేళ్ల కిందటే తీరింది, మళ్లీ రాసుకోలేదు. వచ్చే నెల నుంచి 23,000 ఇవ్వాలని, లేదంటే ఖాళీ చేయాలని యజమాని అంటున్నారు. 22,000కు వేరే ఇల్లు చూశాం. అద్దెదారులకు రక్షణ కల్పించే చట్టం కోసం మా కాలనీవాళ్లం కొందరం ఎమ్మెల్యేలను కలుస్తున్నాం. ఆ చట్టం వస్తే అడ్వాన్సు రెండు నెలలకు తగ్గుతుంది, అద్దెకూ అదుపు ఉంటుంది. అందుకే ఫోను యాప్‌లో 1,50,000 అప్పు తీసుకుని, ఇల్లు మారే ఖర్చు పోగా మిగిలే 28,000 బిల్లు ముసాయిదా రాయించడానికి, కరపత్రాలకు వాడదామని ఆలోచన. బ్యాంకులో 21,000 ఉంది. లక్ష రూపాయల రిజిస్టర్డ్ చిట్టీలో 14వ నెల నడుస్తోంది, ఇంకా ఎత్తుకోలేదు. మా ఆలోచన సరైనదేనా?

జవాబు: కాదు. చట్టం కోసం తిరుగుతున్నందుకు మిమ్మల్ని మెచ్చుకుంటాను. ఆ చట్టాన్ని జమ పద్దులో రాసుకున్నందుకు మాత్రం మెచ్చుకోలేను. పీఆర్సీ బకాయిలు వస్తాయని, ప్లాటు ధర పెరుగుతుందని ముందే అప్పు చేసినవాళ్ల ఉత్తరాలు నాకు కొత్త కాదు. శాసనసభను నమ్ముకుని అప్పుకు సిద్ధపడింది మీరే మొదటివారు.

మీరు ఎదురుచూస్తున్నదేమిటో ఒకసారి చూద్దాం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని ఉంది. అయితే దాన్ని అమలు చేయాలంటే రాష్ట్రం తన చట్టం తాను చేసుకోవాలి. అందులో అద్దెకు పరిమితి ఏమీ లేదు, ఇద్దరూ ఒప్పుకున్నదే అద్దె. పాత ఒప్పందాలకు అది వర్తించదు కూడా. అంటే, ఈ నమూనాలోనే రేపు చట్టం వచ్చినా, ఈ నెల మీరు కొత్త ఇంటికి కట్టే మూడు నెలల అడ్వాన్సు 66,000లో పైసా తగ్గదు. ఇంకో సంగతి: గడువు తీరాక ఖాళీ చేయకుండా మొండికేస్తే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలని కూడా అదే నమూనా చెబుతోంది. కరపత్రంలో ఆ ముక్క ఉందా?

కాలం సంగతికి వస్తే, తమిళనాడు 2017లో చేసిన అద్దె చట్టం 2019 ఫిబ్రవరిలో గాని అమలులోకి రాలేదు. సభ ఆమోదం, గవర్నర్ సంతకం, నిబంధనలు, అధికారుల నియామకం, ఇన్ని మెట్లున్నాయి. యాప్ వాయిదా మాత్రం వచ్చే నెలే మొదలవుతుంది.

ఆ యాప్ వడ్డీ ఎంతో మీరు రాయలేదు. ఏడాదికి 30 శాతం, 18 నెలల గడువు అనుకుంటే నెలకు దాదాపు 10,450 కట్టాలి. వడ్డీ ఒక్కటే 38,000 దాటుతుంది. 2020 చివర్లో యాప్ అప్పుల వేధింపుల కేసులు ఈ నగరాన్ని ఎలా కుదిపేశాయో చూసి కూడా దాన్ని మొదటి దారిగా ఎంచుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

అసలు ఇల్లు ఎందుకు మారుతున్నారు? కొత్త ఇంటికి బ్రోకరుకు నెల అద్దె 22,000, సామాను తరలింపుకు 12,000. పాత యజమాని పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె, అంటే 18,000 కోసుకుంటారు, మన ఊళ్లో అది మామూలే. మొత్తం 52,000 పోతుంది. మిగిలేదేమో నెలకు వెయ్యి. ఆ వెయ్యితో 52,000 రాబట్టుకోవడానికి నాలుగేళ్లకు పైనే పడుతుంది. కోపంతో లెక్క వేస్తే ఇలాగే తేలుతుంది.

ఉన్నచోటే ఉండండి. అప్పు తీసుకుని ఉంటే వాయిదాతోపాటు పెరిగిన అద్దె 4,000 కూడా కట్టేవారు. అంటే నెలకు 14,000కు పైగా సర్దగలరు. 23,000కే ఒప్పుకున్నా అదనపు భారం 5,000. మిగతా 9,000 ఒక విడి ఖాతాలో వేయండి, దానికి ఇల్లు మారే డబ్బు అని పేరు పెట్టండి. చిట్టీని చివరి నెల వరకు పాడకండి. కమిషన్ పోను 90,000కు పైనే వస్తుంది. ఇప్పుడున్న 21,000, చిట్టీ ముగిసేదాకా ఈ ఆరు నెలల పొదుపు 54,000 కలిపితే 1,65,000 అవుతుంది. మీ లెక్క ప్రకారం అడ్వాన్సు, మొదటి నెల అద్దె, బ్రోకరు, తరలింపు కలిపి 1,22,000. సొంత ఇల్లు లేని ప్రతి కుటుంబానికీ ఈ నిధే మొదటి పెట్టుబడి. ఫండ్లు, ప్లాట్లు దాని తర్వాతే. నేను ఇదే పాట పాడుతుంటానని పాఠకులు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. నెలాఖరుకు ఖాళీ చేయమంటే వణికిపోయే అద్దెదారు ఎమ్మెల్యే ముందు ఎంతసేపు నిలబడగలరు? మీ ఉద్యమానికి కూడా మొదట కావలసింది ఈ నిధే.

ముసాయిదాకు 28,000 అక్కర్లేదు. నమూనా చట్టం అందరికీ అందుబాటులో ఉంది. ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇవ్వడానికి జిరాక్సు ఖర్చు, అసెంబ్లీ స్టేషన్ వరకు మెట్రో టికెట్టు చాలు. ఆయన అనధికార బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు సొంతంగా పెట్టే బిల్లు, కూడా పెట్టవచ్చు. వినతిలో ఒక మాట తప్పక చేర్చండి: ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలు దాని కిందికి రావు. ఆ అద్దెకు ఈ రోజు హైదరాబాద్‌లో ఒక గదైనా దొరుకుతుందా?

అత్యవసరమైతే, యాప్ కంటే బ్యాంకులో బంగారం కుదువ నయం. ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఒప్పందం లేకుండా నెలనెలా అద్దె కట్టేవారిని 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించడానికి ఆస్తి బదిలీ చట్టం వీలు కల్పిస్తుంది. రెండేళ్లుగా మీరు ఆ స్థితిలోనే ఉన్నారు. ఒకటో తేదీకి ముందే యజమానితో కూర్చోండి. 21,500 దగ్గర మొదలుపెట్టండి. ఎంతకు కుదిరినా పదకొండు నెలలకు కాగితం రాయించండి. రెండు నెలల నోటీసు, పెయింటింగ్‌కు ఎంత కోస్తారో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, మూడూ అందులో ఉండాలి.