క్రూయిజ్ కోసం సీనియర్ సిటిజన్ స్కీము డబ్బు తీయొచ్చా?

ప్రశ్న: మాది కావలి. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా కిందటేడు రిటైరయ్యాను. వయసు 63. పెన్షన్ నెలకు 48,000. రిటైర్మెంట్ డబ్బులో 22 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేసి 14 నెలలైంది. ఇంకో 9 లక్షలు బ్యాంకు డిపాజిట్లలో ఉన్నాయి. మావారికి 66. నాలుగెకరాల రొయ్యల చెరువులు చూసుకుంటారు. మూడేళ్ల కిందట ఆయనకు స్టెంట్ వేశారు. సింగపూర్ నుంచి జపాన్‌లోని యోకోహామా దాకా 28 రాత్రుల క్రూయిజ్‌కు బాల్కనీ గది ఇద్దరికీ కలిపి 10 లక్షలన్నారు. స్కీములోంచి సగం తీసి, మిగతాది వచ్చే పంట మీద కడదామని మావారి ఆలోచన. మా అబ్బాయి మాత్రం ఈ వయసులో ఇంత ఖర్చు వద్దంటున్నాడు. ఇప్పటిదాకా స్కీము వడ్డీ చెరువుల కరెంటు బిల్లులకే పోతోంది. మేత డీలరుకు 3.4 లక్షలు బాకీ ఉన్నాం. మలక్కా జలసంధిని ముప్పై ఏళ్లు బోర్డు మీద గీశాను, ఒక్కసారి కళ్లతో చూడాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయి భయం సంగతి. డబ్బు గురించి అతను భయపడటంలో తప్పు లేదు. కానీ భయపడాల్సింది ఓడను చూసి కాదు. ఓడ ఖర్చు ఒక్కసారితో అయిపోతుంది. చెరువు ఖర్చు మూడు నెలలకోసారి మీ రిటైర్మెంట్ వడ్డీని తీసుకెళ్తోంది. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం కరెంటు బిల్లుల గురించి రాసినదే. 22 లక్షల మీద 8.2 శాతం అంటే ఏడాదికి 1,80,400. మూడు నెలలకోసారి మీ ఖాతాలో 45,100 పడుతోంది. అది మీ వయసుకు, మీ మందులకు, మీ ఇష్టాలకు రావాల్సిన డబ్బు. అది చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పడానికి పోతోందంటే, పంట లాభమో నష్టమో మీ ఇద్దరికీ అసలు లెక్క తెలియడం లేదన్నమాట.

ఇక స్కీము డబ్బు. దాన్ని కదిలించొద్దు. సగం తీసి సగం ఉంచుకునే వీలు ఆ స్కీములో లేదు, ఖాతా మొత్తం మూసేయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందు మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. మీకైతే అది 33,000. అంతకన్నా పెద్ద దెబ్బ ఆ 45,100 ఆగిపోవడం. మిగిలిన డబ్బు మళ్లీ వేద్దామంటే ఆ రోజుకు ఏ రేటుంటే దానికే వేయాలి.

మిగతా సగం పంట మీద కడదామన్నారు. నా దగ్గరకు ఒంగోలు, కొత్తపట్నం, కావలి వైపు నుంచి వచ్చేవాళ్లలో చెరువులున్నవాళ్లు చాలామంది. అందరి లెక్కా రొయ్యలు పట్టే రోజు నుంచి వెనక్కి నడుస్తుంది. క్రూయిజ్ కంపెనీ లెక్క ఓడ బయల్దేరే రోజు నుంచి వెనక్కి నడుస్తుంది. పెద్ద ప్రయాణాలకు మొత్తం డబ్బు సాధారణంగా మూడు నెలల ముందే కట్టేయాలి. ఆ గడువు దాటాక మానుకుంటే కోత పెరుగుతూ పోయి, చివరి రోజుల్లో పైసా వెనక్కి రాదు. మీ చెరువులో తెల్లమచ్చ జబ్బు కనపడి 60 రోజులకే పట్టేయాల్సి వస్తే, చేతికి వచ్చేది చిన్న రొయ్య ధర. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ కొనుగోలు ధరలు ఎలా పడిపోయాయో మీవారిని అడగమని నేను చెప్పక్కర్లేదు, ఆయనే అనుభవించి ఉంటారు. తేదీ మారని బాకీని తేదీ తెలియని రాబడితో కట్టాలనుకోవడం వల్లే మన వైపు ఇళ్లలో బంగారం బ్యాంకుకు పోతోంది.

ఇప్పుడు ఆ 10 లక్షల సంగతి చూద్దాం. అది గది, తిండి, ప్రయాణం ధర మాత్రమే. ఓడ సిబ్బందికి టిప్పుగా ఇచ్చే గ్రాట్యుటీ అని విడిగా ఉంటుంది. చాలా కంపెనీల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లు మీ గది ఖాతాలో రాసేస్తారు. 18 డాలర్ల చొప్పున ఇద్దరికి 28 రోజులకు 1,008 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే దాదాపు 91,000. చెన్నై నుంచి సింగపూర్‌కు, టోక్యో నుంచి వెనక్కి విమానాలకు లక్షా 20 వేలు వేసుకోండి. వీసాలకు 30,000, ఇన్సూరెన్స్‌కు 50,000, పోర్టుల్లో దిగి తిరగడానికి లక్షా 20 వేలు, ముందూ వెనకా హోటళ్లకు 60,000, ఓడలో ఇంటర్నెట్టు, బట్టల ఉతుకు లాంటి వాటికి 40,000. మొత్తం 15 లక్షలు దాటింది. ఇవి నా అంచనాలే, కొంచెం అటూ ఇటూ అవుతాయి. పదితో అయిపోతుందనుకుంటే మాత్రం పొరపాటే.

చివరి రాత్రి సంగతి ఒకటి చెబుతాను. మేమిద్దరం కొన్నేళ్ల కిందట సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల చిన్న క్రూయిజ్ వెళ్లాం. తెల్లవారితే దిగాలి. అర్ధరాత్రి తలుపు కింద నుంచి మడత పెట్టిన కాగితం లోపలికి జారింది. లైటు వేసి చూస్తే రెండు పేజీల బిల్లు. మా ఆవిడ మంచం మీద కూర్చుని ఒక్కో వరుస మీద వేలు పెట్టి, 'ఈ నీళ్ల సీసా మనం తాగామా? ఈ కాఫీ ఎవరిది?' అని అడుగుతూనే ఉంది. కాఫీ నాదే. డైనింగ్ హాల్లో ఊరికే వచ్చేది, మెట్ల పక్కన కౌంటర్లో తాగితే డబ్బులు. ఓడలో కార్డు చూపిస్తే చాలు, చేతిలో నోటు కదలదు, అందుకే ఖర్చు కనపడదు. రోజూ రాత్రి రిసెప్షన్‌లోనో టీవీలోనో మీ ఖాతా చూసుకోండి.

ట్యాక్స్ ఇంకోటి. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే అమ్మినవాళ్లు టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపన్ను, వసూలు చేస్తారు. 2023 అక్టోబర్‌లో ఏడు లక్షల వరకు 5 శాతం, పైన 20 శాతంగా పెట్టారు. 2025 ఏప్రిల్‌లో ఆ హద్దును 10 లక్షలు చేశారు, 2026 ఏప్రిల్ నుంచి హద్దు లేకుండా 2 శాతానికి తగ్గించారు. బడ్జెట్లలో ఇది మారుతూ ఉంటుంది కాబట్టి డబ్బు కట్టే రోజు రేటు ఎంతో అడిగి రాయించుకోండి. ఇది పోయే డబ్బు కాదు, ఆదాయపన్ను శాఖ దగ్గర మీ పాన్ లెక్కలో కనపడుతుంది. మీ పెన్షన్, వడ్డీలు కలిపినా కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల లోపే కాబట్టి మీకు పన్ను పడదు. రిటర్న్ వేస్తే మొత్తం తిరిగి వస్తుంది. అందుకని బుకింగ్ మీ పాన్ మీదే చేయండి. అయితే రీఫండ్ వచ్చేది నెలల తర్వాత. ముందు మాత్రం చేతి నుంచి కట్టాలి.

నా సలహా ఏమిటంటే, వెళ్లండి. కానీ సగం ప్రయాణమే తీసుకోండి, వచ్చే సంవత్సరం తీసుకోండి. ఇలాంటి పొడుగు ప్రయాణాలను చాలా కంపెనీలు ముక్కలుగా కూడా అమ్ముతాయి. మీరు పంపిన కాగితంలో సింగపూర్ నుంచి పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, ఫుకెట్ చూసి, మళ్లీ తిరిగి థాయ్‌లాండ్‌లోని లేమ్ చబాంగ్, వియత్నాంలోని ఫూ మీ మీదుగా హాంకాంగ్ చేరే భాగం 15 రాత్రులు. మీరు బోర్డు మీద గీసిన మలక్కా జలసంధి ఈ సగంలోనే ఉంది, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లు. బాల్కనీ బదులు కిటికీ గది అడిగితే ఇద్దరికీ 4 లక్షల దగ్గర రావచ్చు. గ్రాట్యుటీ 49,000. విమానాలు 90,000. మిగతావన్నీ కలిపితే 7 లక్షల చిల్లర. అనుకోని వాటికి ముప్పావు లక్ష పక్కన పెడితే 8 లక్షల లోపు.

ఆ 8 లక్షలు ఎక్కడివంటే, డిపాజిట్లలోంచి 4 లక్షలు. మిగిలిన 5 లక్షలు ఆస్పత్రి, అత్యవసరం కోసం, వాటి మీద చెయ్యి వేయొద్దు. స్కీము వడ్డీ ఇవాళ్టి నుంచి చెరువుకు వెళ్లకుండా ఆపితే ఐదు విడతల్లో 2,25,500. పెన్షన్‌లోంచి నెలకు 12,000 రికరింగ్ డిపాజిట్ కడితే 15 నెలల్లో 1,80,000. కలిపితే 8 లక్షల 5 వేలు, వచ్చే వడ్డీ అదనం. ఇందులో పంట డబ్బు ఒక్క రూపాయి లేదు చూడండి.

మరి పంట డబ్బు దేనికి? మొదట మేత బాకీకి. అప్పు మీద తెచ్చే మేత బస్తాకు, నగదు పెట్టి తెచ్చే బస్తాకు ధరలో ఉన్న తేడాను డీలరు దగ్గరే అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. పంటకు ఎన్ని బస్తాలు పడతాయో దాంతో హెచ్చవేయండి. వచ్చిన అంకె మీరు తెలియకుండా కడుతున్న వడ్డీ. చెరువుకు వేరే బ్యాంకు ఖాతా తెరిచి సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు, కూలీ అన్నీ అందులోంచే నడపమని సార్‌కు చెప్పండి. ఆయన కష్టాన్ని తక్కువ చేయడం లేదు. రెండు పంటలు అలా నడిపితే చెరువు నిలబడుతుందో, లీజుకు ఇచ్చేయడం మేలో ఆయనకే తెలుస్తుంది. ఆ రెండు పంటలూ బాగా వస్తే మరుసటేడు హాంకాంగ్ నుంచి యోకోహామా సగం కూడా చూసి రండి.

ఆరోగ్యం విషయంలో మాత్రం లెక్క తగ్గించొద్దు. పెన్షనర్లకు మన రాష్ట్రంలో ఉన్న హెల్త్ కార్డు నడిసముద్రంలో పనికిరాదు. ఓడలో డాక్టరుంటారు, కానీ ఫీజు డాలర్లలో మీ గది ఖాతాలోనే పడుతుంది. గుండె నొప్పి లాంటిది వస్తే దగ్గరి పోర్టులో దించేస్తారు. పాలసీ కొనేటప్పుడు స్టెంట్ సంగతి దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ పోతుంది. పాత జబ్బు వల్ల వచ్చిన అత్యవసరానికి ఎంత వరకు ఇస్తారు, ఓడ ప్రయాణం కవర్ అవుతుందా, రోగిని ఇంటికి తరలించే ఖర్చు ఇస్తారా, ఈ మూడూ పాలసీ కాగితంలో చూపించమనండి. నోటి మాట వద్దు. ముందుగా మీవారి కార్డియాలజిస్టుతో ప్రయాణానికి సరేనని రాయించుకోండి.

పోర్టుల గురించి కూడా కొంచెం చెప్పాలి, ఖర్చు అక్కడే పెరిగేది. పేరుకు బ్యాంకాక్ అంటారు గానీ ఓడ ఆగేది లేమ్ చబాంగ్‌లో, అక్కడి నుంచి ఊరు వంద కిలోమీటర్ల పైనే. ఫూ మీ నుంచి హోచిమిన్ సిటీ, పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ కూడా రోడ్డు మీద వెళ్లాల్సిందే. ఈ దూరపు చోట్ల ఓడవాళ్ల బస్సు ఖరీదైనా అదే ఎక్కండి, ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీ సొంత ట్యాక్సీ ఆలస్యమైతే ఆగదు, తర్వాతి పోర్టుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. పెనాంగ్‌లో మాత్రం బస్సు అక్కర్లేదు. స్వెటెన్‌హామ్ పియర్ దిగి నెమ్మదిగా నడిచినా కాసేపటికి లిటిల్ ఇండియా వస్తుంది. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది. ఆ వీధుల్లో ఇడ్లీ తిని, గుడి మెట్ల మీద కూర్చుని వస్తే ఇద్దరికీ అయ్యే ఖర్చు ఓడవాళ్ల టూరు టికెట్‌లో చిన్న ముక్క. కొన్ని చోట్ల ఓడ దూరంగా ఆగి చిన్న పడవల్లో దించుతారు. ఊగే పడవలోకి అడుగు వేయాలి, మోకాళ్ల నొప్పులుంటే ఆ రోజు ఓడలోనే ఉండిపోండి.

వీసాలు తేలిగ్గా తీసుకోవద్దు. ఓడ దిగకపోయినా ఆ దేశం వీసా లేకపోతే చాలా కంపెనీలు అసలు ఎక్కనివ్వవు. సింగపూర్‌కు ముందే వీసా ఉండాలి. వియత్నాంకు ఆన్‌లైన్‌లో ఈ-వీసా ఇస్తారు. హాంకాంగ్‌కు ముందస్తు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, అది ఉచితం. మలేసియా 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకు వీసా మినహాయిస్తూ గడువు పొడిగిస్తోంది. థాయ్‌లాండ్ నిబంధన బుక్ చేసే వారంలో చూసుకోండి. కార్డు గీకినప్పుడు రూపాయల్లో తీసుకోమంటారా అని మెషీన్ అడిగితే వద్దని, అక్కడి కరెన్సీలోనే తీసుకోమనండి. రూపాయల్లో అంటే రేటు వాళ్లిష్టం.

నెల ఎంచుకునేటప్పుడు జనవరి చివర, ఫిబ్రవరి చూడండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తీరానికి తుఫాన్ల టెన్షన్. గట్టు తెగుతుందేమోనని సార్ మనసంతా చెరువు మీదే ఉంటుంది. చెరువులు ఎండగట్టే రోజులైతే ఆయన కూడా నిశ్చింతగా వస్తారు. మీ లైఫ్ సర్టిఫికెట్ పని మాత్రం బయల్దేరే ముందే ముగించండి.

ఈ వారం రెండు పనులు చేయండి. ఏజెంటును సింగపూర్–హాంకాంగ్ భాగానికి కిటికీ గదితో, గ్రాట్యుటీ, పోర్టు ట్యాక్సులు కలిపి కొత్త కొటేషన్ ఇమ్మనండి. మానుకుంటే ఏ తేదీకి ఎంత కోత పడుతుందో ఆ పట్టిక కూడా అడగండి. పోస్టాఫీసు వడ్డీ పడే ఖాతాకు చెరువు కరెంటు బిల్లు ఆటో పేమెంట్ ఏమైనా ఉంటే తీయించండి. కొటేషన్ వచ్చాక, మీ ఇద్దరి పాస్‌పోర్టులూ ఎప్పటి దాకా చెల్లుతాయో కూడా రాసి పంపండి. ప్రయాణం ముగిశాక ఇంకా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోవాలి. అప్పుడు మీ అబ్బాయిని కూడా ఫోన్లోకి తీసుకుని ముగ్గురికీ ఒకేసారి లెక్క చూపిస్తాను.